గదులు చాలడం లేదన్న మాట మీద పెట్టిన లెక్క: హనుమకొండ డిగ్రీ కాలేజీ వసతుల డైరీ

2024 జూలై 29, సోమవారం

ఈ రోజు జరిగిన పాలకవర్గ సమావేశంలో రెండో బ్లాకు మీద ఇంకొక అంతస్తు వేసి ఆరు తరగతి గదులు కట్టాలన్న ప్రతిపాదన మళ్ళీ చర్చకు వచ్చింది. కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేటు ప్రకారం వరండా, మెట్లతో కలిపి 6,500 చదరపు అడుగులు, అడుగుకు 2,000 రూపాయల చొప్పున ఒక కోటీ 30 లక్షలు అవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల మధ్య జీతాలనే నెట్టుకొస్తున్న కాలేజీకి ఇది బ్యాంకు అప్పు లేకుండా జరిగే పని కాదు. అయినా సమావేశంలో ఎవరూ కాదనలేదు, ఎందుకంటే గదులు చాలడం లేదన్నది మా స్టాఫ్ రూములో ప్రతి ఒక్కరూ నిత్యం అనుభవిస్తున్న విషయమే.

స్టాటిస్టిక్స్ చెప్పే వాణ్ణి కాబట్టి నేనొక్క మాట అడిగాను: ఉన్న 22 గదుల్లో ఏ గంటకు ఎన్ని నిండుతున్నాయో మన దగ్గర ఎక్కడైనా రాసి ఉందా? టైంటేబుల్ ఉంది గానీ, అది జరగవలసిన దాన్ని చెబుతుందే తప్ప జరిగిన దాన్ని చెప్పదు. ఒక సెమిస్టరు పాటు లెక్కపెట్టి చూసి, ఆ తరువాతే బ్యాంకుకు దరఖాస్తు పెడదామని ప్రతిపాదించగా సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. అడిగినందుకు శిక్షగా "కరెంటు బిల్లు, నీళ్ళ ఖర్చు కూడా మీరే చూడండి మాస్టారూ" అని ఆ పని కూడా నాకే అప్పగించారు. ఈ డైరీ అలా మొదలవుతోంది.

2024 ఆగస్టు 12

రెండేళ్ళ కరెంటు బిల్లులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మాది హెచ్‌టీ, అంటే పెద్ద వినియోగదారులకు ఇచ్చే హై టెన్షన్ కనెక్షన్. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం మన హనుమకొండలోనే ఉంది, బిల్లు కూడా చదవదగినంత స్పష్టంగానే వస్తుంది. అయినా మా ఆఫీసులో ఇన్నేళ్ళుగా అందరూ చూస్తున్నది చివరి వరుసలో ఉన్న చెల్లించవలసిన మొత్తాన్ని మాత్రమే.

మా కాంట్రాక్టెడ్ మాక్సిమం డిమాండు, అంటే ఒప్పందంలో మేము అడిగి తీసుకున్న గరిష్ఠ వాడకం, 150 కేవీఏ (డిమాండును కొలిచే ప్రమాణం). నెలలో వాస్తవంగా నమోదైన గరిష్ఠ డిమాండును, ఒప్పందంలోని దానిలో 80 శాతాన్ని పక్కపక్కన పెట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద డిమాండు ఛార్జీ వేస్తారు. 150లో 80 శాతం 120. రెండేళ్ళలో మా గరిష్ఠ వాడకం ఎన్నడూ 104 దాటలేదు, అదీ ఏప్రిల్లో ఒక్కసారే. తక్కిన నెలల్లో 70 నుంచి 95 మధ్యలో ఉంది. అంటే ప్రతి నెలా మేము వాడని డిమాండుకు డబ్బు కట్టాము. ఒప్పందాన్ని 120 కేవీఏకు తగ్గించుకుంటే అందులో 80 శాతం 96 అవుతుంది. నెలకు 24 కేవీఏ మిగులు. లెక్క సులువు కోసం కేవీఏకు 500 రూపాయలనుకుంటే నెలకు 12,000, ఏడాదికి దాదాపు లక్షా 44 వేలు. దీనికి ఒక్క బల్బు ఆర్పనక్కరలేదు, ఒక్క ఫ్యాను మార్చనక్కరలేదు.

అయితే దరఖాస్తు ఇప్పుడే పెట్టకూడదని నా అభిప్రాయం. ఒప్పందాన్ని మించి వాడితే అదనపు ఛార్జీ పడుతుంది కనుక, ముందు వాడకాన్ని చక్కదిద్దుకుని, అది ఎక్కడ నిలుస్తుందో చూసి, అప్పుడు కొత్త అంకె అడగాలి. ఇంకొక చిక్కు కూడా కనిపించింది. జూలై నెలలో కిలోవాట్ అవర్లు 14,280 ఉండగా బిల్లు వేసింది 17,000 కేవీఏహెచ్ మీద, అంటే పనికి రాకుండా తిరిగే కరెంటును కూడా కలిపి లెక్కించే యూనిట్ల మీద. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే పవర్ ఫ్యాక్టరు, అంటే తీసుకున్న దానిలో నిజంగా పనికొచ్చిన వంతు, 0.84 వస్తుంది. హెచ్‌టీ వినియోగదారులకు యూనిట్ల లెక్క కేవీఏహెచ్‌లోనే కనుక, ఈ తేడా 2,720 యూనిట్లు మేము ఏ పనికీ వాడుకోకుండా కడుతున్నవే. దీన్ని సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ ఒకటి ఉండాలి. అది ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌ని అడగాలి.

2024 సెప్టెంబరు 4

గదుల లెక్క మొదటి వారమే నీళ్ళపాలైంది. ఈ సోమవారం మొదలుపెట్టాలని అన్నీ సిద్ధం చేసుకున్నాము. ప్రతి పీరియడు మొదలైన ఇరవై నిమిషాలకు ఇద్దరు ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు అన్ని గదుల ముందుగా నడుస్తూ, లోపల తరగతి జరుగుతోందా లేదా, జరుగుతుంటే ఎందరున్నారు అన్నది రాసుకోవాలి, ఎవరు పాఠం చెబుతున్నారన్నది మాత్రం రాయకూడదు. ఈ చివరి నియమం నేనే పట్టుబట్టి పెట్టాను. లెక్క మనుషుల మీదికి పోతే మరుసటి రోజు నుంచే తలుపులు మూసుకుంటాయి, అంకెలు చెడిపోతాయి.

శని, ఆదివారాల్లో కురిసిన వానలకు సోమవారం సెలవైంది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి మహబూబాబాద్ వైపు నుంచి రైళ్ళు ఆగిపోయాయి, అటు నుంచి వచ్చే పిల్లలు ఈ రోజుకీ రాలేదు. ఇటువంటి వారంలో తీసిన హాజరును మామూలు వారపు లెక్కగా చూపడం మోసం అవుతుంది కనుక రాసిన కాగితాలు పక్కన పెట్టాము. వినాయక నిమజ్జనం కూడా అయిపోయాక 18వ తేదీ నుంచి మళ్ళీ మొదలుపెడతాము.

వాన వల్ల ఒక ఉపకారం జరిగింది. లైబ్రరీ పైకప్పు మూడు చోట్ల కారుతోందని తెలిసింది. పైకి ఎక్కి చూస్తే వాన నీళ్ళ గొట్టాల మూతులు రాలిన ఆకులతో, పగిలిన ప్లాస్టిక్ కుర్చీ ముక్కలతో మూసుకుపోయి, నీరు చెరువులా నిలబడి ఉంది. కూలి ఇద్దరికి, బస్తాలు నాలుగు. ఈ పని మే నెలలో చేసి ఉంటే పుస్తకాలు ఎండబెట్టుకునే అవసరం ఉండేది కాదు.

2024 అక్టోబరు 3

రెండు వారాల లెక్క పూర్తయింది. ఈ ఎంట్రీ కొంచెం పొడవుగా రాస్తాను, ఎందుకంటే మొత్తం పనికి ఇదే ఆధారం.

22 గదులు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు పీరియడ్లు. అంటే వారానికి 792 గది పీరియడ్లు మాకు అందుబాటులో ఉన్నాయి. టైంటేబుల్ ప్రకారం వాటిలో 590 నిండాలి. మేము తిరిగి చూసినప్పుడు వారానికి సగటున 436 మాత్రమే నిండాయి, అంటే 55 శాతం. ఇది గది ఎంత తరచుగా వాడుకలో ఉందో చెప్పే అంకె. రెండోది, వాడుకలో ఉన్నప్పుడు అందులో ఎన్ని సీట్లు నిండాయన్నది. మా గదులు సగటున 60 మందికి సరిపోతాయి, కూర్చున్నది సగటున 27 మంది, అంటే 45 శాతం. ఈ రెండింటినీ గుణిస్తే వసతి వినియోగం తెలుస్తుంది: 55 శాతంలో 45 శాతం, దాదాపు 25. మేము కట్టుకున్న ప్రతి నాలుగు సీటు గంటల్లో ఒక్కదాన్నే వాడుకుంటున్నాము.

ఈ అంకె చెప్పగానే స్టాఫ్ రూములో నవ్విన వాళ్ళున్నారు, కోపం తెచ్చుకున్న వాళ్ళున్నారు. కోపం తెచ్చుకున్న వాళ్ళ మాటలోనూ నిజముంది. అదే కాగితాన్ని గంటల వారీగా విడదీసి చూస్తే, మంగళ, బుధ, గురువారాల్లో రెండో, మూడో పీరియడ్లలో 22 గదుల్లో 21 నిండి ఉన్నాయి. ఆ సమయంలో ఒక అదనపు తరగతి పెట్టుకోవాలంటే నిజంగానే గది దొరకదు. భోజనం తరువాత ఐదో పీరియడుకు ఎనిమిది గదులు, ఆరో పీరియడుకు ఆరు, శనివారం మధ్యాహ్నానికి మూడు. గదులు చాలడం లేదన్న మాట పది గంటల ముప్పావు నుంచి పన్నెండున్నర వరకు అక్షరాలా నిజం, రెండు గంటల తరువాత అక్షరాలా అబద్ధం. కోటీ 30 లక్షలు పెట్టి మేము కట్టబోయిన ఆరు గదులు వారంలో ఆరు గంటల కోసమే అన్నమాట.

మధ్యాహ్నం ఎందుకు ఖాళీ అవుతుందో పిల్లల్ని అడిగితే తెలిసింది. పరకాల, నర్సంపేట, జనగామ, హుస్నాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చే వాళ్ళు సగానికి పైగా ఉన్నారు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం అయ్యాక, హాస్టల్ ఫీజు భారమనుకునే ఇళ్ళ అమ్మాయిలు రోజూ వచ్చిపోవడం పెరిగింది, బస్సుల్లో రద్దీ కూడా పెరిగింది. మూడున్నర దాటితే ఊరికి వెళ్ళే బస్సులో కాలు పెట్టే సందు దొరకదని వాళ్ళ భయం. అందుకే భోజనమైతే బ్యాగు సర్దుకుంటున్నారు. అది గమనించిన అధ్యాపకులు ముఖ్యమైన పాఠాలన్నీ ఉదయానికే అడిగి తీసుకుంటున్నారు. ఉదయం ఇంకా ఇరుకవుతోంది, మధ్యాహ్నం ఇంకా ఖాళీ అవుతోంది. ఇందులో ఎవరి తప్పూ నాకు కనిపించలేదు.

మరొక కారణాన్ని మా పెద్ద అటెండరు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. "సారూ, గది ఖాళీగనే ఉంటది, తాళంచెవి మాత్రం డిపార్ట్‌మెంటోళ్ళ బీరువల ఉంటది." నిజమే. కామర్స్ గదులు కామర్స్ వాళ్ళవి, కంప్యూటర్స్ గదులు కంప్యూటర్స్ వాళ్ళవి. దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా డిగ్రీ ప్రవేశాలు, ఆపైన విద్యార్థులే సబ్జెక్టులు ఎంచుకునే బకెట్ విధానం వచ్చాక సబ్జెక్టుల కూటములు పెరిగి, పాతకాలపు 60 మంది సెక్షన్లు 20, 25 మంది సెక్షన్లుగా చీలిపోయాయి. గదులు మాత్రం ఆ 60 మంది సెక్షన్ల నాటి ఆస్తిపంపకాల ప్రకారమే నడుస్తున్నాయి.

2024 అక్టోబరు 14

దసరా సెలవులు లెక్కకు బాగా పనికొచ్చాయి. 5వ తేదీ సాయంత్రం ఆరింటికి అందరూ వెళ్ళాక మీటరు రీడింగు రాసుకున్నాను, ఈ రోజు ఉదయం ఆరింటికి వాచ్‌మన్ చేత మళ్ళీ రాయించాను. 204 గంటలు. ఊరంతా బతుకమ్మలాడి, జమ్మి ఆకు పంచుకుని అలసిపోయిన ఆ రోజుల్లో, ఒక్క విద్యార్థి లేని మా కాలేజీ 1,020 యూనిట్లు కాల్చింది. గంటకు ఐదు యూనిట్లు. ఏడాదికి 8,760 గంటలు కనుక, ఎవరూ ఉన్నా లేకున్నా సాగే ఈ వాడకం ఒక్కటే 43 వేల యూనిట్లు దాటుతుంది.

ఐదు కిలోవాట్లు ఎక్కడికి పోతున్నాయి? ప్రిన్సిపాల్ గారు లీకేజీ ఉందేమోనన్నారు. నాకు అలా అనిపించడం లేదు. వచ్చే ఆదివారాల్లో ఒక దాని తరువాత ఒకటి ఆపి చూడాలి.

2024 అక్టోబరు 27, ఆదివారం

ఉదయం ఎనిమిది గంటలకు ఎలక్ట్రీషియన్, ఫిజిక్స్ విభాగంలోని క్లాంప్ మీటరు, నేను. మెయిన్ ప్యానెల్ దగ్గర ఒక్కొక్క బ్రేకరు దించుతూ, దాని తీగలో అప్పటిదాకా ఎంత కరెంటు పారుతోందో రాసుకుంటూ మధ్యాహ్నం దాకా నిలబడ్డాము.

సర్వర్ గదిలో ఏసీ సుమారు 1.2 కిలోవాట్లు. ఆ గదిలో ఉన్నవి రెండు పాత కంప్యూటర్లు, వాటిలో ఒకదాని పని ఏమిటో ఎవరికీ గుర్తులేదు. ఎనిమిది వాటర్ కూలర్లు కలిపి సగటున 1.4. ల్యాబుల యూపీఎస్‌లు మూడు, కంప్యూటర్లు ఆపేసి ఉన్నా, అర కిలోవాట్. ప్రహరీ లోపల 14 పాత సోడియం దీపాలు రాత్రంతా వెలుగుతాయి కనుక, రోజు మొత్తానికి పరిచి చూస్తే 1.1. బయాలజీ ఫ్రిజ్‌లు 0.2, వాటిని ముట్టుకునేది లేదు. ఇంతవరకు కలిపితే 4.4. తక్కిన 0.6 కోసం గంటన్నర వెతికాము.

అది పాత క్యాంటీన్ బోర్డు నుంచి గోడ దాటి వెళ్ళిన ఒక తీగ. గోడ అవతల జిరాక్స్ దుకాణం ఉంది. ఆ దుకాణదారు ఇక్కడే చదివిన మా పూర్వ విద్యార్థి. పదేళ్ళ కిందట కాలేజీ హాల్ టికెట్లూ, ప్రశ్నపత్రాలూ రాత్రింబవళ్ళు జిరాక్స్ తీసి ఇవ్వాల్సి వచ్చినప్పుడు అప్పటి ఆఫీసు వాళ్ళే ఆ తీగ లాగించారట, తరువాత తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదు. అతను దాచిందేమీ లేదు, నేరుగా అడిగితే నేరుగా చెప్పాడు. సబ్‌మీటరు పెట్టి డబ్బు తీసుకుందామని ఒకరు సలహా ఇచ్చారు గానీ, మన కనెక్షన్ నుంచి ఇతరులకు కరెంటు అమ్మే హక్కు మనకు లేదు. సొంత సర్వీసు తీసుకోవడానికి నెల గడువు ఇచ్చాము. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు గానీ, నాకే కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

2024 నవంబరు 11

కెపాసిటర్ ప్యానెల్ దొరికింది. జనరేటర్ గదిలో పాత బ్యానర్ల వెనుక ఉంది. ఆరు కెపాసిటర్లలో నాలుగు చచ్చిపోయాయి, రెండింటి ఫ్యూజులు ఎప్పుడో కాలిపోయాయి. అంటే పవర్ ఫ్యాక్టరును సరిచేయవలసిన పరికరం మొత్తంగా పనిలో లేదు. మా గరిష్ఠ లోడుకు పవర్ ఫ్యాక్టరు 0.84 నుంచి 0.97కు తేవాలంటే సుమారు 35 కేవీఏఆర్ (కెపాసిటర్ల సామర్థ్యపు కొలత) చాలు. కొత్త కెపాసిటర్లు, కాంటాక్టర్లు, ఆటోమేటిక్ రిలే పెట్టించాము. దీని ఖర్చు మూడు, నాలుగు నెలల్లో తిరిగి వస్తుందని నా లెక్క.

ఒక కొసమెరుపు రాయక తప్పదు. ప్యానెల్ కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే, గతంలో కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ పరిశీలన కోసం చేయించిన ఎనర్జీ ఆడిట్ నివేదిక దొరికింది. రంగు అట్ట, స్పైరల్ బైండింగ్. అందులో 11వ పేజీలో "కెపాసిటర్ ప్యానెల్ పనిచేయుటలేదు, వెంటనే బాగుచేయించవలెను" అని ఉంది. ఆ పేజీ ఇప్పటి దాకా ఎవరూ తిరగేసినట్టు లేదు, బైండింగ్ వైర్ దగ్గర కాగితం ఇంకా విడిపోలేదు కూడా.

2024 డిసెంబరు 6

సెమిస్టరు పరీక్షలు నడుస్తున్నాయి కనుక గదుల పని ఆగింది. ఈ లోగా స్టోరు గదులు తీశాము.

మూడు స్టోరు గదుల్లో ఉన్నవి: విరిగిన బెంచీలు 110, గడువు దాటిన జవాబు పత్రాల కట్టలు, పాత కంప్యూటర్లు, ప్రింటర్లు, తుప్పు పట్టిన కూలర్లు. వరంగల్ నుంచి వడ్రంగిని పిలిపిస్తే, 64 బెంచీలు పలకలు మార్చి, బోల్టులు బిగిస్తే పనికొస్తాయన్నాడు. తక్కినవి తుక్కుకు. కంప్యూటర్లను మాత్రం తుక్కు బండికి ఎత్తవద్దని అడ్డుపడ్డాను. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు అమలులో ఉన్నాయి కనుక, వాటిని గుర్తింపు పొందిన రీసైక్లింగ్ సంస్థకు అప్పగించి రసీదు తీసుకుందామన్నాను. ఖాళీ అయిన మూడు గదులు ఒక్కొక్కటి 30 మందికి సరిగ్గా సరిపోతాయి. సున్నం, కిటికీ అద్దాలు, ఫ్యాన్లు, వైరింగు, బెంచీల మరమ్మతు కలిపి అయిన ఖర్చు రెండు లక్షల 10 వేలు. మా చిన్న సెక్షన్లకు కావలసింది ఇటువంటి గదులే.

నీళ్ళ సంగతి. మాకు ధర్మసాగర్ నుంచి వచ్చే నగరపాలక నీరు తాగడానికి, బోరు నీరు తక్కిన అవసరాలకు. బోరు మోటారు ఏడున్నర హెచ్‌పీ, రోజుకు ఐదు గంటలు నడుస్తోంది. ట్యాంకులు నిండడానికి మూడు గంటలు చాలని ఒక రోజు గడియారం పట్టుకుని చూసి తేల్చుకున్నాము. తక్కిన రెండు గంటల నీరు ఎక్కడికి పోతోందంటే, కోతులు. మన ఊళ్ళో ఇల్లు కట్టుకున్న వాళ్ళెవరికీ ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ట్యాంకు మూతలు లేపి, నిండగానే నీరు ఆపే ఫ్లోట్ వాల్వు పీకి, గొట్టం ముక్కను ఊగే కొమ్మలా పట్టుకుని ఆడుకుంటున్నాయి. సెన్సర్లతో ఆటోమేటిక్ పద్ధతి పెట్టమని ఒక ఏజెన్సీ పెద్ద కొటేషన్ ఇచ్చింది, ఆ సెన్సరు తీగలు కోతుల ముందు ఎన్నాళ్ళు నిలుస్తాయన్న నా ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు లేదు. మూతల మీద ఇనుప జాలీ చట్రాలు చేయించి బోల్టులు బిగించాము, గొట్టాలకు జీఐ పైపు తొడిగాము, స్టార్టరుకు మామూలు టైమరు పెట్టాము. మోటారు వేళలు కూడా మార్చాము. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 మధ్య హెచ్‌టీ యూనిట్‌కు అదనపు రేటు ఉంటుంది కనుక, ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలై ఆరులోపు ఆగిపోతుంది, మిగిలిన సగం మధ్యాహ్నం.

2025 జనవరి 20

కొత్త సెమిస్టరుకు కొత్త టైంటేబుల్. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన నెల ఇదే.

మేము చేసిన మార్పులు ఇవి. సైన్సు ప్రాక్టికల్స్‌లో సగం బ్యాచీలు ఉదయానికి జరిగాయి, దానితో ఆ సెక్షన్ల థియరీ మధ్యాహ్నానికి దిగింది, రద్దీ వేళలో గదులు విడిపోయాయి. కాలేజీ అరగంట ముందుగా తొమ్మిదింటికి మొదలై, ఆరో పీరియడు మూడుంబావుకల్లా ముగుస్తుంది, కనుక మూడున్నర బస్సు అందుతుంది. దూరపు ఊళ్ళ అమ్మాయిల సంతకాలతో వచ్చిన వినతిపత్రం మీదే ఈ వేళలు కుదిరాయి, మా కమిటీ మొదట వేసిన నాలుగు గంటల ప్రతిపాదనను వాళ్ళు నిలబెట్టి నిరాకరించారు, నిరాకరించడమే మంచిదైంది. ఇక గదులు ఏ విభాగానివీ కావు. తాళంచెవులన్నీ ఆఫీసులో ఒక బోర్డు మీద, సెక్షన్‌లో ఉన్న తలల సంఖ్యను బట్టి గది.

తాళంచెవుల దగ్గరే గొడవ జరిగింది. ఇరవై ఏళ్ళుగా ఒకే గదిలో పాఠం చెప్పిన సీనియర్ మేడం ఒకరు "నా చార్టులు ఎక్కడ తగిలించుకోవాలి?" అని అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఆమె విభాగానికి వరండాలో గాజు తలుపుల బీరువా ఒకటి పెట్టించాము. అది సమాధానమని నేను అనుకోవడం లేదు, సర్దుబాటు మాత్రమే.

ఇంకొక విషయంలో నేనే వెనక్కి తగ్గాను. మూడు చిన్న సెక్షన్ల తెలుగు, ఇంగ్లీషు తరగతులను పెద్ద హాలులో ఒకటిగా కలిపితే వారానికి చాలా పీరియడ్లు మిగులుతాయని నా మొదటి చిత్తులో రాశాను. అంకెల్లో అది ఎంతో బాగుంది. కానీ ఆ పీరియడ్లు గంటకు ఇంత అని చెల్లింపు తీసుకునే పార్ట్‌టైమ్ అధ్యాపకులవి, తగ్గితే వాళ్ళ ఇంటి ఖర్చులోంచే తగ్గుతాయి. గోడల ఖర్చు తగ్గించమని నాకిచ్చిన పనిని మనుషుల కూలి మీదికి తిప్పడం నాకు సమ్మతం కాదు. ఆ పేరా కొట్టేశాను. సెక్రటరీ గారు చిత్తు చదివి ఆ కొట్టివేతను చూశారు, ఏమీ అనలేదు.

సంక్రాంతి సెలవుల్లో తీసిన మీటరు లెక్క: గంటకు 2.7 యూనిట్లు. దసరాకు ఐదు. సర్వర్ గది ఏసీ ఆగింది, కూలర్లు ఐదుకు తగ్గి టైమరు మీద నడుస్తున్నాయి, ప్రహరీ దీపాలు 45 వాట్ల ఎల్‌ఈడీలు అయ్యాయి, జిరాక్స్ దుకాణానికి సొంత మీటరు వచ్చింది. ఇది ఏడాది పొడవునా నిలబడితే 20 వేల యూనిట్లు మిగులు.

2025 ఫిబ్రవరి 18

ఫ్యాన్ల చర్చ. కాలేజీ మొత్తంలో 180 ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారువి పెడదామని ఒక సభ్యుడు ఉత్సాహంగా ఉన్నారు. పాతది 75 వాట్లు, కొత్తది 30, మిగులు 45 వాట్లు. నిజమే గానీ, అది ఎన్ని గంటలు తిరుగుతుందన్నది కూడా చూడాలి కదా. తరగతి గదిలో రోజుకు 8 గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగే ఫ్యాను మీద మిగిలేది 79 యూనిట్లు. లెక్క కోసం యూనిట్ 8 రూపాయలనుకుంటే 632 రూపాయలు. 3,000 రూపాయల ఫ్యాను ధర తిరిగి రావడానికి దాదాపు ఐదేళ్ళు. అదే పోటీ పరీక్షల పిల్లలు రాత్రి దాకా కూర్చునే రీడింగ్ రూములో, రోజుకు 14 గంటలు, 340 రోజులు తిరిగే ఫ్యాను మీద 214 యూనిట్లు, అంటే ఏడాదికి 1,712 రూపాయలు, రెండేళ్ళలోపే ధర తిరిగొస్తుంది. కనుక రీడింగ్ రూమూ, అమ్మాయిల హాస్టలూ ఇప్పుడు, తరగతి గదుల్లో పాతది కాలిపోయినప్పుడు మాత్రమే కొత్తది. తీసిన పాత ఫ్యాన్లు తరగతి గదుల అవసరానికి స్టోరులో ఉంటాయి.

సౌర ఫలకాల సంగతి వచ్చే ఏడాదికి వాయిదా. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల కప్పు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తాయి, మా కప్పు మీద చోటు ఉంది. దుబారాను లెక్కలో పెట్టుకుని ఫలకాలు కొంటే ఆ దుబారాకు పాతికేళ్ళ మేత కొన్నట్టే కనుక, ముందు ఒక ఏడాది తగ్గిన బిల్లు చూద్దాము.

2025 మార్చి 22

గదుల రెండో లెక్క, ఫిబ్రవరి బిల్లు రెండూ చేతికొచ్చాయి.

ఇప్పుడు 25 గదులు, వారానికి 900 గది పీరియడ్లు. నిండినవి 522, అంటే 58 శాతం. మొదటి దానికన్నా మూడు శాతమే ఎక్కువ, ఎందుకంటే గదులు పెరిగాయి. కానీ టైంటేబుల్లో ఉన్న 590లో జరిగినవి 436 నుంచి 522కు పెరిగాయన్నది నాకు అంతకన్నా విలువైన అంకె, బస్సు వేళకు కాలేజీ వదలడమే దానికి కారణమని నా నమ్మకం. సీట్ల నిండుదల 45 నుంచి 61 శాతానికి చేరింది. రెండూ గుణిస్తే 35. రద్దీ వేళలో 25 గదుల్లో 20 నిండుతున్నాయి, ఐదు ఖాళీగా ఉంటున్నాయి. పోయిన మంగళవారం మూడో పీరియడుకు గెస్ట్ లెక్చరు పెట్టుకుంటామని బోటనీ వాళ్ళు అడిగితే గది అప్పటికప్పుడు దొరికింది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో 13,200 కిలోవాట్ అవర్లు వాడి 15,714కు బిల్లు కట్టాము. ఈ ఫిబ్రవరిలో 11,900 వాడి 12,268కి కట్టాము. పవర్ ఫ్యాక్టరు 0.97. గరిష్ఠ డిమాండు 93 నుంచి 79 కేవీఏకు దిగింది. అయినా డిమాండు ఛార్జీ మాత్రం ఇంకా 120 మీదే పడుతోంది, ఒప్పందం మారలేదు కనుక. ఏప్రిల్ ఎండల్లో పాత గరిష్ఠం 104ను కొత్త పవర్ ఫ్యాక్టరుతో లెక్కిస్తే 90 వస్తుంది. 110కి తగ్గిద్దామని కొందరన్నారు, వేసవిలో పరీక్షా కేంద్రంగా ఉండే రోజులు గుర్తు పెట్టుకుని నేను 120 అన్నాను. నిన్న దరఖాస్తు ఇచ్చాము.

కొత్త అంతస్తు ఫైలు మీద "రెండేళ్ళ తరువాత పునఃపరిశీలన" అని రాసి పాలకవర్గం పక్కన పెట్టింది. లైబ్రరీ కప్పుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించడానికి, మే నెలలో వాన గొట్టాలన్నీ కడిగించడానికి అదే సమావేశంలో డబ్బు మంజూరైంది.

ఈ సాయంత్రం ఆఫీసులో తాళంచెవుల బోర్డు చూశాను. ఇరవై నాలుగు వేలాడుతున్నాయి. పద్నాలుగో నంబరు ఇంకా ఆ విభాగం బీరువాలోనే ఉందని అటెండరు చెప్పాడు. సోమవారం వెళ్ళి అడగాలి.